జానపద రూపం ఎవరి పక్షం?

జానపద రూపాన్ని చేపడితే చాలు, కళ దానంతటదే ప్రజల పక్షాన నిలుస్తుందని చాలాకాలం నమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1940లలో ప్రజానాట్యమండలి వేదికల మీద నాజర్ బుర్రకథ సాధించిన విజయమే నా నమ్మకానికి ఆధారం. ఇంగ్లండుకు చెందిన ‘డెత్ ఇన్ జూన్’ బృందం 1987లో వెలువరించిన ‘బ్రౌన్ బుక్’ ఆల్బం చరిత్ర తెలిశాక ఆ నమ్మకాన్ని సవరించుకోవలసి వచ్చింది.

ఈ బృందాన్ని స్థాపించిన డగ్లస్ పియర్స్, టోనీ వేక్‌ఫర్డ్ అంతకుముందు ‘క్రైసిస్’ అనే వామపక్ష పంక్ బృందంలో ఉండేవారు. జాత్యహంకారానికి వ్యతిరేకంగా జరిగిన సభల్లో పాడారు. 1981లో కొత్త బృందం పుట్టింది. విద్యుత్ గిటార్ల హోరు క్రమంగా తగ్గి, మామూలు గిటారు, నెమ్మదైన గానం ముందుకు వచ్చాయి. ఈ ధోరణికే తరువాత ‘నియో ఫోక్’ అని పేరు వచ్చింది. ఈలోగా వేక్‌ఫర్డ్ నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీలో చేరి, 1984లో బృందానికి దూరమయ్యాడు. అది తన తప్పేనని 2007లో బహిరంగంగా ఒప్పుకున్నాడు.

ఇక ఆల్బం పేరు. 1933లో విల్లీ మ్యూంజెన్‌బర్గ్ బృందం పారిస్ నుంచి హిట్లర్ దుర్మార్గాలను బయటపెట్టిన గ్రంథం పేరు ‘బ్రౌన్ బుక్’. పశ్చిమ జర్మనీలో పదవులు అనుభవిస్తున్న పాత నాజీల జాబితాను 1965లో తూర్పు జర్మనీ ప్రచురించింది కూడా ఆ పేరుతోనే. అంటే అది ఫాసిజం మీద అభియోగపత్రం పేరు. అదే పేరు పెట్టుకున్న పాటలో నాజీ పార్టీ గీతం వినిపిస్తుంది. జర్మనీలో ఆ గీతం నిషిద్ధం.

ఉటంకించడం సమర్థించడం కాదని అభిమానులు వాదిస్తారు. నవలాకారుడు సైతం దుర్మార్గుడి చేత మాట్లాడిస్తాడు గదా అంటారు. నిజమే. కాని మంచి నవలలో ఆ మాటను నిలదీసే జీవితం ఉంటుంది. ఈ బృందం మాత్రం తన ఉద్దేశం తేల్చి చెప్పకుండా అర్థాన్ని శ్రోతకే వదిలివేసింది. ఫాసిజం విషయంలో అలాంటి సందిగ్ధత ఎవరికి ఉపయోగపడుతుందో ఊహించడం కష్టం కాదు.

నాజీలకు ఈ విద్య బాగా తెలుసు. రష్యాలో పుట్టి, జర్మన్ కార్మికుల ఊరేగింపుల్లో మోగిన ఒక పాట బాణీకి వాళ్లు తమ మాటలు కట్టుకున్నారు. బాణీ అడ్డు చెప్పలేదు.

అందుచేత జానపద రూపాలను పరిశీలించే విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. బాణీ ఎక్కడిదని అడిగి ఆగవద్దు. ఎవరు పాడుతున్నారు, ఎవరి కోసం, ఎవరి మీద అని కూడా అడగండి.