సిపదాన్‌లో రాత్రి ఎవరిది?

మలేసియాలోని సబా రాష్ట్రంలో సెంపోర్నా అనే రేవు ఊరుంది. అక్కణ్ణించి దక్షిణంగా గంటసేపు స్పీడుబోటులో పోతే సిపదాన్ దీవి వస్తుంది. దీవంటే ఎంతో అనుకునేరు, మొత్తం కలిపి 30 ఎకరాలు, ఓ మోతుబరి రైతు మాగాణంత. కానీ దాని చుట్టూ సముద్రం 600 మీటర్ల లోతుకు గోడలా దిగిపోతుంది. ఇసుక మీంచి నాలుగడుగులు నీళ్ళలో వేస్తే చాలు, కాలి కింద పగడాల అంచు, ఆ అంచు దాటితే అగాధం. స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు దీన్ని ప్రపంచంలోని గొప్ప చోట్లలో లెక్కేస్తారు. అయినా ఇక్కడ సందర్శకులెవరూ రాత్రి ఉండడానికి వీల్లేదు. పొద్దున పర్మిటు చూపించి దిగాలి, చీకటి పడకముందే పడవెక్కాలి. ఈ పద్ధతిని ఈ కాలపు పర్యావరణ స్పృహ మనకిచ్చిన వరంగా చెప్పుకోవడం రివాజు. నాకు అలా అనిపించదు. అనుమతి చీటీ ఈ దీవికి నూరేళ్ళ నాటి అలవాటు. 2004లో వచ్చిన కొత్తదనమల్లా మనిషి చేతిలోంచి రాత్రిని తీసేసుకోవడమే.

రాత్రికి అంత విలువ ఎందుకంటే తాబేలు వల్ల. పచ్చ తాబేలు చీకట్లోనే గట్టెక్కుతుంది. ఒళ్ళీడ్చుకుంటూ ఇసుక మీద పైకొచ్చి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, దాదాపు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి పోతుంది. అలికిడైనా దీపం వెలిగినా సగంలోనే వెనక్కి తిరుగుతుంది. పిల్లలు గుడ్డు పగిలి బయటికొచ్చాక వెలుగున్న వైపే పాకుతాయి. ఒడ్డున విద్యుద్దీపాలుంటే సముద్రం ఎటో వాటికి తెలియదు. డైవర్లు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు ఈ దీవికి మనుషులను రప్పించింది ఈ గుడ్లే. అప్పటి బ్రిటిష్ ఉత్తర బోర్నియో పాలకులు 1917లో తాబేళ్ళ రక్షణకు ఒక శాసనం చేశారు. పట్టడానికీ గుడ్లు ఏరడానికీ లైసెన్సు పెట్టారు, స్థానికులకు కొన్ని దీవులు కేటాయించారు. ఆ జాబితాలో సిపదాన్ ఉంది. గుడ్ల దగ్గర తగువొస్తే అధికారులే తీర్చేవారు. 1954 ఏప్రిల్‌లో తవావు జిల్లా అధికారి ఇచ్చిన ఒక లైసెన్సు కాగితంలో సిపదాన్, లిగితాన్, మాబుల్ దీవుల పేర్లు కనిపిస్తాయి. మధ్యలో 1933లో దీవిని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1962లో ఓడల కోసం దీపస్తంభం కట్టారు.

ఈ కాగితాలకు ఇంత బలముందని చాలాకాలం ఎవరూ అనుకొని ఉండరు. సిపదాన్, లిగితాన్ దీవులు తమవంటే తమవని 1969 నుంచి మలేసియా, ఇండోనేసియా తగాదా పడ్డాయి. చివరికి కలిసే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి. 1891 నాటి ఆంగ్లో-డచ్ ఒప్పందపు గీత ఆధారంగా ఇండోనేసియా చేసిన వాదన నిలవలేదు. 2002 డిసెంబరు 17న 16–1 ఓట్లతో తీర్పు మలేసియాకు దక్కింది. కోర్టు చూసింది ఈ దీవి మీద ప్రభుత్వంలా ఎవరు నడుచుకున్నారన్నదే. తాబేలు గుడ్ల నియంత్రణ, పక్షుల రక్షణ, దీపస్తంభాల నిర్వహణ, ఇవే లెక్కకొచ్చాయి. తగాదా మొదలయ్యాక లేచిన కట్టడాలను తూకంలో వేయలేదు. అంటే 1980లలో వెలిసిన రిసార్టులు కోర్టులో చెల్లని కాసులు. గుడ్ల మీద పెట్టిన అదుపే దీవిని మలేసియాకు సంపాదించిపెట్టింది!

రిసార్టుల కథ 1989లో వేగం అందుకుంది. ఆ ఏడాది ఫ్రెంచి సముద్రాన్వేషకుడు జాక్ కూస్టో బృందం సిపదాన్ మీద తీసిన చిత్రం విడుదలైంది. నీటి కింది గుహలో దారి తప్పి ఊపిరాడక చనిపోయిన తాబేళ్ళ ఎముకలను లోకమంతా చూసింది. తర్వాత పదేళ్ళు దీవి కిటకిటలాడింది. మంచినీళ్ళూ మురుగూ జనరేటర్ల మోతా, అన్నీ ఆ 30 ఎకరాల్లోనే ఇమడాలి. 2000 ఏప్రిల్ 23న ఫిలిప్పీన్స్‌కు చెందిన అబూ సయ్యాఫ్ ముఠా తుపాకులతో దిగి 21 మందిని ఎత్తుకుపోయింది. 2004 చివరికల్లా రిసార్టులన్నీ ఖాళీ చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. రోజుకు 120 పర్మిట్లని లెక్క కట్టింది. ఆ అంకె తర్వాత పెరిగింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. తాబేలు వంక మాత్రమేననీ, అసలు కారణం తుపాకుల భయమనీ అంటారు. భయం లేదని నేననను. కానీ భయమొక్కటే అయితే 2000లోనే ఖాళీ చేయించాలి కదా, నాలుగేళ్ళు ఎందుకు ఆగినట్టు? హక్కు తేలకముందు దీవి నుంచి జనాన్ని దింపడానికి ఏ ప్రభుత్వమైనా వెనకాడుతుందని నా ఊహ. తీర్పు వచ్చాక ఆ బెంగ పోయింది. ఉద్దేశం ఏదైనా ఫలితం తాబేలుకు దక్కింది. అయితే నిబంధన పెట్టినవాళ్ళంతా దీవికి చుట్టాలని భ్రమపడనక్కర్లేదు. 2006 మేలో, సందర్శకుల సౌకర్యాలు కట్టడానికి ఇసుకా కంకరా ఇనుమూ మోసుకొచ్చిన బార్జి ఒకటి గట్టుకు కొట్టుకొచ్చి పగడాలను దున్నేసింది. వేల మంది డైవర్ల కాళ్ళు తగిలినా అంత నష్టం ఒక్కరోజులో జరగదు. తలలు లెక్కపెట్టే నిబంధన బార్జిని ఆపలేదు, ఎందుకంటే బార్జికి పర్మిటు అడిగేవాడు లేడు.

అందుకే అంకెకున్న పేరు నాకు కొంచెం అతిగా కనిపిస్తుంది. పర్మిట్ల లెక్కను పెంచమని వ్యాపారం ఏటా అడగొచ్చు, పెంచనూవచ్చు. రాత్రిని మాత్రం కొంచెం కొంచెంగా ఇవ్వడం కుదరదు. ఒక్క గది కట్టినా ఒక దీపం వెలుగుతుంది. మనవాళ్ళు అండమాన్ వెళ్ళినప్పుడు వండూర్ నుంచి జాలీబాయ్ దీవికి పోయే పడవలదీ ఇదే కట్టుబాటు. అక్కడా పొద్దున పోయి, పొద్దుండగానే తిరిగొస్తారు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. సిపదాన్ నుంచి లేచిన రిసార్టుల భారం దగ్గరి మాబుల్, కపలాయ్‌ల మీద పడింది. పర్మిట్లు రిసార్టుల చేతుల్లో ఉంటాయి. ఒక్కరోజు సిపదాన్ చూడాలంటే వాళ్ళ దగ్గర మూణ్ణాలుగు రాత్రులు బస చేయక తప్పదు. అదే మాబుల్ ఒడ్డున నీళ్ళలో గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్న బజావు లావుత్ తెగవాళ్ళలో చాలామందికి ఏ దేశపు పౌరసత్వ కాగితమూ లేదు. 1917 శాసనం వలస పాలకులదే అయినా స్థానికుల కోసమంటూ కొన్ని దీవులను విడిగా పెట్టింది. ఇప్పటి పర్మిటులో ఆ వరస లేదు. 2024 జూన్‌లో సెంపోర్నా దగ్గరి దీవుల్లో బజావు లావుత్‌ల ఇళ్ళను అధికారులు కూల్చేశారు. తాబేలుకు రాత్రి తిరిగొచ్చిందన్న నా వాదనను ఇది కొట్టెయ్యదు, కానీ ఆ రాత్రికి ధర ఎవరు కట్టారన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు వీళ్ళ పేరే. సాయంత్రం సిపదాన్ నుంచి ఖాళీ సిలిండర్లతో తిరిగొచ్చే పడవలు ఆ గుంజల ఇళ్ళ పక్కనుంచే మాబుల్ చేరతాయి.