కేబుల్ మోడెం

కేబుల్ టీవీ తీగ మీదుగా ఇంటికి ఇంటర్నెట్ చేర్చే పరికరం. కంప్యూటర్ లేదా వైఫై రూటర్ పంపిన సమాచారాన్ని రేడియో తరంగాలుగా మార్చి ఆపరేటర్ కంట్రోల్ రూమ్‌కు పంపుతుంది. అటునుంచి వచ్చే తరంగాలను మళ్లీ సమాచారంగా మారుస్తుంది. కంట్రోల్ రూమ్‌లో దీనికి జోడీగా ఉండే యంత్రాన్ని సీఎంటీఎస్ అంటారు. ఒకవైపు నడక కోసం వేసిన తీగను రెండువైపులా నడిపించడమే ఈ పరికరం చరిత్ర. దీనికొచ్చే లోపాల్లో చాలావాటికి మూలం కూడా అక్కడే ఉంది.

పూర్వరంగం

1948 ప్రాంతంలో అమెరికాలోని పెన్సిల్వేనియా, ఆరెగాన్ రాష్ట్రాల్లో టీవీ సిగ్నల్ సరిగా అందని ఊళ్ల కోసం, ఎత్తైన చోట ఒక యాంటెన్నా నిలిపి ఇళ్లకు తీగలు లాగడంతో కేబుల్ టీవీ మొదలైంది. తర్వాత నాలుగు దశాబ్దాలు ఆ తీగ ప్రధానంగా బొమ్మనే మోసింది.

ప్రమాణం రాకముందు

1990 దశకం తొలి ఏళ్లలో మసాచుసెట్స్‌లోని లాన్‌సిటీ సంస్థ కేబుల్ తీగ మీద కంప్యూటర్లను కలిపే మోడెంలు తయారుచేసింది. దాని అధిపతి, ఇరాన్‌లో పుట్టిన ఇంజనీరు రూజ్‌బే యాసీనీని చాలామంది కేబుల్ మోడెం పితామహుడిగా పేర్కొంటారు. జెనిత్, హైబ్రిడ్ నెట్‌వర్క్స్, కామ్21 తదితర సంస్థలు కూడా ఇదే కాలంలో రంగంలోకి దిగాయి. 1995లో కెనడాలోని న్యూమార్కెట్‌లో రోజర్స్ సంస్థ, 1996లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఎట్‌హోమ్ సంస్థ ఇళ్లకు సేవలు ప్రారంభించాయి. లాన్‌సిటీని 1996లో బే నెట్‌వర్క్స్ కొనుగోలు చేసింది.

అప్పట్లో ఒక కంపెనీ మోడెం మరో కంపెనీ కంట్రోల్ రూమ్ యంత్రంతో పనిచేసేది కాదు. ఇంటి నుంచి సమాచారం వెనక్కి వెళ్లే తిరుగుదారి కేబుల్‌లో లేని ఊళ్లలో డౌన్‌లోడ్ కేబుల్ మీద, అప్‌లోడ్ టెలిఫోన్ లైన్ మీద నడిచేవి.

డాక్సిస్

ఈ గందరగోళానికి ముగింపు పలికింది డాక్సిస్ ప్రమాణం. కామ్‌కాస్ట్, కాక్స్, టీసీఐ, టైమ్ వార్నర్ కేబుల్ కలిసి చేపట్టిన ఈ పని ఫలితంగా మొదటి రూపం 1997 మార్చిలో వెలువడింది. 1998లో అంతర్జాతీయ టెలికాం సమాఖ్య దానిని జె.112గా ఆమోదించింది. 1999 మార్చిలో థామ్సన్, తోషిబా మోడెంలు కేబుల్ పరిశ్రమ పరిశోధన సంస్థ కేబుల్‌ల్యాబ్స్ నుంచి తొలి ధ్రువీకరణ పొందాయి. అదే ఏడాది వచ్చిన 1.1 రూపం ఫోన్ కాల్స్‌కు అవసరమైన ప్రాధాన్య ఏర్పాట్లు చేసింది. 2001 చివర్లో వచ్చిన 2.0 అప్‌లోడ్ సామర్థ్యాన్ని సెకనుకు సుమారు 30 మెగాబిట్లకు పెంచింది. 2006లో 3.0, 2013లో 3.1 వచ్చాయి, 4.0 అప్‌లోడ్ దారిని మరింత వెడల్పు చేసింది.

అమరిక, లోపాల గుర్తింపు

కొత్త మోడెం మీద అతికించిన మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్యను ముందుగా ఆపరేటర్ నమోదు చేసుకోవాలి. కరెంటు ఇవ్వగానే మోడెం డౌన్‌స్ట్రీమ్ (ఇంటివైపు వచ్చే) ఛానల్‌ను వెతుకుతుంది, ఆ తర్వాత అప్‌స్ట్రీమ్‌లో (ఇంటి నుంచి వెళ్లే దారిలో) తన గొంతు ఎంత పెంచాలో సీఎంటీఎస్‌ను అడిగి సరిచేసుకుంటుంది. ఐపీ అడ్రస్, చందాదారుడి వేగం రాసి ఉండే ఫైలు అందాక 'ఆన్‌లైన్' లైటు నిలకడగా వెలుగుతుంది. ఏ లైటు దగ్గర మిణుకుమంటూ ఆగిపోయిందో చూస్తే లోపం ఏ దశలో ఉందో సగం తెలిసినట్టే.

చాలా మోడెంలలో బ్రౌజర్‌లో 192.168.100.1 తెరిస్తే సిగ్నల్ అంకెలు కనిపిస్తాయి. డౌన్‌స్ట్రీమ్ శక్తి −15 నుంచి +15 డీబీఎంవీ మధ్య ఉండాలి. సున్నాకు దగ్గరగా ఉంటే మేలు. అప్‌స్ట్రీమ్ శక్తి 50 దాటుతోందంటే మోడెం మాట వినిపించక అరుస్తోందని అర్థం. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటే సుమారు 3.5 డెసిబెల్స్ మింగుతుంది కాబట్టి, స్ప్లిటర్ తీసేసి మోడెంకు నేరుగా తీగ కలపడం మొదటి పరీక్ష. రెండోది తీగ చివర మరతో బిగించే ఎఫ్ కనెక్టర్: అల్లిక తీగలో వెంట్రుకంత పోగు మధ్య రాగి తీగకు తగిలినా సిగ్నల్ పోతుంది, మర వదులైతే బయటి రొద లోపలికి చొరబడుతుంది.

ఈ రొద ఆ ఇంటితో ఆగదు. కాలువ నీరు పొలాలకు వెళ్లేటప్పుడు చీలుతుంది, మురుగు నీరు మాత్రం వచ్చి ఒకేచోట కలుస్తుంది. అలాగే వీధిలోని ఇళ్లన్నిటి రొదా 5–42 మెగాహెర్ట్జ్ ఇరుకు తిరుగుదారిలో పోగవుతుంది. ఒక ఇంటి వదులు కనెక్టర్ వల్ల పక్కింటి అప్‌లోడ్ తడబడటం అందుకే.

భారతదేశంలో

1991 గల్ఫ్ యుద్ధ ప్రసారాల తర్వాత వీధివీధికీ కేబుల్ వ్యాపించింది. 1998లో ఇంటర్నెట్ సేవలను ప్రైవేటు సంస్థలకు తెరిచారు. హాత్‌వే తదితర సంస్థలు కేబుల్ మోడెం సేవలు నడిపాయి. అయితే చాలాచోట్ల యాంప్లిఫయర్లకు తిరుగుదారి ఉండేది కాదు. వాటిని మార్చడం కన్నా ఈథర్‌నెట్ తీగ లాగడమే ఆపరేటర్లకు చవకగా ఉండేది. కేంద్ర ప్రభుత్వ 2004 విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. హైదరాబాద్‌లో బీమ్ టెలికాం ఫైబర్, ఈథర్‌నెట్ దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ వేసి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు చేరింది. ఆ ఇళ్లలో లోపాన్ని ముందుగా చెప్పేది ఫైబర్ పెట్టె మీద ఎర్రగా వెలిగే 'లాస్' లైటు.