జలపాతమునుండి బిల్లుకాగితము వఱకు

ఉద్యోగార్థమై నార్వే దేశమునకేగి, ఓస్లోలోనో స్టవాంగర్‌లోనో కాపురము పెట్టి, సాయంకాలపు తరగతులలో ఆ దేశభాష నభ్యసించు తెలుగువారు పాఠ్యపుస్తకములతోబాటు తప్పక చదువవలసివచ్చు వ్రాత యొకటి కలదు; అది నెలనెల వచ్చు కరెంటు బిల్లు. అందలి పదములకు నిఘంటువున అర్థములు దొరకును గాని, ఒక్క ఇంటి వాడుకకు ఇన్ని పద్దులేల యను ప్రశ్నకు నిఘంటువు బదులు చెప్పజాలదు. ఆ పద్దులలో ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున ఆ జాతి చేసికొన్న నిర్ణయము. వాని పుట్టుక నెఱిగినవానికి ఆ కాగితము నూటనలువది యేండ్ల దేశచరిత్రయై కనబడును.

1885లో షీన్ పట్టణమున, నదీజలముతో నడచుచుండిన కాగితపుగుజ్జు మిల్లొకటి తాను పుట్టించిన విద్యుత్తును చందాదారులకు అమ్మ మొదలుపెట్టెను. నార్వేలో కరెంటు సరుకై అమ్ముడుపోవుట అదియే ప్రథమము. ఆ మిల్లు యజమాని గున్నార్ క్నూడ్సెన్ అను ఇంజనీరు. ఐదేండ్లకు ఉత్తరధ్రువప్రాంతపు హామర్‌ఫెస్ట్ పట్టణము అగ్నికి ఆహుతి కాగా, అచటి పౌరులు ఊరిని తిరిగి కట్టుకొనుచు, 1891లో జలవిద్యుత్తుతో వీథిదీపములు వెలిగించిరి. శీతకాలమున రెండు నెలలపాటు సూర్యోదయమే లేని ఆ తీరమున దీపము విలాసవస్తువు కాజాలదు. పురపాలకసంఘములే విద్యుత్కేంద్రములను నెలకొల్పుకొనుట క్రమముగా దేశమంతట ఆచారమయ్యెను.

1905లో నార్వే స్వీడనుతోడి బంధమును తెంచుకొని స్వతంత్రమైనది. ఆ యేటనే సామ్ ఐడె అను ఇంజనీరును, బిర్కెలాండ్ అను భౌతికశాస్త్రవేత్తయు కలసి, గాలిలోని నత్రజనిని విద్యుచ్ఛక్తితో పట్టి ఎరువు చేయు విద్యకు ఆలంబనముగా నార్స్క్ హైడ్రో సంస్థను స్థాపించిరి; అందుకు పెట్టుబడిలో అధికభాగము విదేశములనుండియే వచ్చెను. 1911లో ర్యూకాన్ లోయయందు నడువనారంభించిన వేమోర్క్ కేంద్రము నాటికి ప్రపంచమున నగ్రగణ్యము. అయితే అంతకు ముందే, నిన్న స్వరాజ్యము తెచ్చుకొన్న జాతి తన జలపాతములు పరదేశపు ధనికుల చేతులలో పడుట చూచి కలతచెందెను. అందువలన 1906లో తొందరపాటుగా ఒక నిషేధశాసనమును, 1909లో నిలకడగల అనుమతిశాసనమును వెలువడెను: ప్రైవేటు సంస్థ జలపాతమును కొని కేంద్రము కట్టుకొనవచ్చును గాని, అరువది మొదలు ఎనుబది యేండ్ల గడువు తీరినంతనే జలపాతము, ఆనకట్ట, యంత్రములు సమస్తమును మూల్యము లేకయే ప్రభుత్వపరము కావలెను. ఈ శాసనమును నెగ్గించిన నాటి ప్రధానమంత్రి మఱెవ్వరో కారు, షీన్ మిల్లు యజమాని యగు ఆ క్నూడ్సెనే. నీటిశక్తిని మొట్టమొదట అమ్మినవాడే, అది తుదకు ప్రజలసొత్తు కావలెనని నిర్ణయించుట నా కీ చరిత్రలోకెల్ల ఉదాత్తఘట్టముగా తోచును.

ఇంటింటి లెక్క ఎట్లుండెనో కొంచెము దగ్గఱగా చూతము. తొలిదినములలో అనేక గృహములకు మీటరే లేదు. ఇన్ని వాట్లకని చందా కట్టిన కుటుంబము రాత్రింబవళ్లు వాడుకొన్నను సొమ్మొక్కటియే. అయితే గోడమీద ‘విప్పె’ అను చిన్న సాధనముండెడిది. చందాకు మించి వాడినచో దీపములన్నియు టపటప కొట్టుకొనెడివి. ఇల్లాలు పరుగున పోయి ఇస్త్రీపెట్టెయో వంటపొయ్యియో ఆపువఱకు ఆ మినుకు మానదు. అనగా నాటి లెక్కకు ఎంతసేపు వాడితిమన్నది గాక, ఒక్క క్షణమున ఎంత లాగితిమన్నదే ప్రధానము. పిదప మీటర్లు వచ్చి యూనిట్ల లెక్క నిలదొక్కుకొన్నది. గృహస్థులు తామే మీటరంకెలు చూచి కార్డుపై వ్రాసి తపాలాలో పంపుచుండిరి.

పన్నులు ఒకటొకటిగా చేరినవి. విద్యుత్తుపై వాడుకపన్ను 1951లో, విలువాధారిత పన్ను 1970లో వచ్చినవి. రెండవదాని రేటు నేడు నూటికి ఇరువదియైదు. ఉత్తరపు నూర్‌లాండ్, ట్రూమ్స్, ఫిన్‌మార్క్ ప్రాంతముల కుటుంబములకు కరెంటుపై ఈ రెండవ పన్ను లేదు.

బిల్లునకు ఎక్కని పద్దొకటి గలదు. 1970లలో ఉత్తరపు ఆల్టా నదికి ఆనకట్ట తలపెట్టగా, తమ రెయిన్‌డీర్ మేతభూములకును చేపలకును హాని యని అచటి ఆదివాసులగు సామీజనులు ఎదిరించిరి. 1979లో పార్లమెంటు ముంగిట నిరాహారదీక్ష పూనిరి. మాసి అను గ్రామము మునుగకుండ తప్పించుకొన్నను, ఆనకట్ట ఆగలేదు. 1987లో కేంద్రము పనిచేయ మొదలిడెను. ఆ పోరాటఫలమే 1989లో ఏర్పడిన సామీ పార్లమెంటు.

బిల్లు రెండుగా చీలుట 1990 నాటి ఇంధనశాసనము వలన. అది మఱుసటి జనవరినుండి అమలయ్యెను. అదివఱకు ఊరి విద్యుత్సంస్థయే కరెంటును, తీగెను రెండింటిని ఇచ్చుచుండగా, ఇకపై కరెంటు ఎవరివద్దనైన కొనవచ్చును. తీగెలు మాత్రము స్థానికసంస్థవే. వాని బాడుగకే ‘నెట్‌లైయె’ యని పేరు. కొత్తగా వచ్చినవారు ఒక్క కరెంటుకు ఇద్దఱికి చెల్లించుచున్నామేమో యని కలవరపడుట ఇచటనే. 1996లో స్వీడనుతో కూడి ఉమ్మడి విపణి ఏర్పడెను. నేడు దేశమున ఐదు ధరల మండలములు గలవు; ఒక్కొక్కప్పుడు ఒకే గంటకు ఉత్తరమున నొక ధర, దక్షిణమున దానికెన్నో రెట్లు.

2019 నాటికి ఇంటింట స్మార్ట్ మీటరు వచ్చెను. 2022 జూలైనుండి తీగెబాడుగలో కొంతభాగము ‘సామర్థ్యపు పద్దు’ అయ్యెను. నెలలో వేర్వేఱు దినములకు చెందిన మూడు అత్యధిక వాడుక గంటల సగటునుబట్టి దాని మెట్టు నిర్ణయమగును. ఊరంతయు ఒక్కవేళనే చేద వేసినచో బావి ఎంతటిదైన చాలదు గదా! విప్పె పోయినను, విప్పె అడిగిన ప్రశ్న ఈ విధముగా తిరిగి వచ్చినది.

2021 శీతకాలమున దక్షిణమండలములలో ధరలు మిన్నంటగా ప్రభుత్వము సహాయధనము ప్రారంభించెను. 2025లో పన్నుగాక యూనిట్టు ధర డెబ్బదియైదు ఓరెలు (ఓరె యనగా క్రోనులో నూఱవవంతు) దాటినచో, దాటినదానిలో నూటికి తొంబదిపాళ్లు సర్కారు భరించుచుండెను. అదే సంవత్సరము అక్టోబరునుండి ‘నార్గెస్‌ప్రిస్’ అను స్థిరధరయు వచ్చెను: పన్నుగాక యూనిట్టు నలువది ఓరెలు, ఇంటికి నెలకు ఐదువేల యూనిట్ల వఱకు. దీనిని కోరుకొన్నవారికి సహాయధనము రాదు. తీగెబాడుగయు సామర్థ్యపు పద్దును ఎప్పటివలెనే చెల్లింపవలెను.