విద్యుత్తు కారు: వెల, విలువ

క్రొత్తగా కారు కొనదలచిన గృహస్థుల నోట నేడు తరచు వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. పెట్రోలు బండికంటె కొన్ని లక్షలు అధికముగా నిచ్చి విద్యుత్తుతో నడచు చిన్న ఎస్.యు.వి.ని కొనుట లాభమా, నష్టమా? ఈ ప్రశ్న నూరేండ్లకు పూర్వమే అమెరికాలో పుట్టినది. ఆ చరిత్ర నేడు మనకును పనికివచ్చును.

1900వ సంవత్సరమున అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,681 ఆవిరితోను, 1,575 విద్యుత్తుతోను నడచునవి. పెట్రోలుతో నడచునవి 936 మాత్రమే. ఆనాటి పెట్రోలు బండి కదలవలెనన్న ముందు నిలిచి ఇనుప పిడిని బలముగా త్రిప్పవలసియుండెను. అది ఎదురు తిరిగినచో చేయి విరుగుటయు కలదు. విద్యుత్తు బండికి ఈ శ్రమ లేదు. పొగ లేదు, చప్పుడు లేదు. పెట్రోలు కార్లతో కోటీశ్వరుడైన హెన్రీ ఫోర్డు భార్య క్లారా సైతము విద్యుత్తు కారునే నడపెడివారు.

ఇట్టి బండి వెనుకబడుటకు ముఖ్యకారణము వెల. 1912 నాటికి పెట్రోలు కారు సుమారు 650 డాలర్లకు లభించుచుండగా విద్యుత్తు కారు వెల 1,750 డాలర్లు. ఆ సంవత్సరపు కాడిలాక్ కార్లలో ఛార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమరినది. పిడి త్రిప్పు బాధ తొలగినది. పల్లెలకు విద్యుత్తే చేరని దినములవి. 1930లు ముగియునప్పటికి విద్యుత్తు కార్లు దాదాపు కనుమరుగైనవి.

వాటిని మరల వీధికి తెచ్చినది లిథియం బ్యాటరీ. 1991లో విపణికి వచ్చిన ఈ బ్యాటరీ వెల 2010 నుండి పదేండ్లలో సుమారు తొమ్మిది పాళ్లు తగ్గి పదవ పాలికి దిగినది. మన దేశమున బెంగళూరులో తయారైన చిన్నకారు రేవా 2001లో వెలువడెను. 2019 ఆగస్టులో విద్యుత్తు వాహనములపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకు తగ్గినది. 2020 జనవరిలో టాటావారి నెక్సాన్ విద్యుత్తు ఎస్.యు.వి. 13.99 లక్షల ప్రారంభ వెలతో వచ్చెను. దాని బ్యాటరీ 30.2 యూనిట్లది, పరీక్షలో తేలిన దూరము 312 కిలోమీటర్లు. నిత్యప్రయాణములో అంత దూరము రాదు.

ఇక లెక్క చూతము. దూరము 200 కిలోమీటర్లే యనుకొందము. యూనిట్ 8 రూపాయలైనచో కిలోమీటరుకు రూపాయి పావలా మించదు. లీటరు 100 రూపాయల పెట్రోలుతో 15 కిలోమీటర్లు నడచు బండికి సుమారు ఆరున్నర రూపాయలగును. మిగులు అయిదు రూపాయలు. అదనముగా నిచ్చినది 4 లక్షలైనచో, అది తిరిగివచ్చుటకు 80,000 కిలోమీటర్లు నడపవలెను. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగువారికి ఇది అయిదున్నర ఏండ్ల పని. పది కిలోమీటర్లు తిరుగువారికి ఇరువది రెండేండ్లు. ఆ బండి బ్యాటరీకి కంపెనీవారిచ్చిన పూచీ ఎనిమిదేండ్లు, లేక 1,60,000 కిలోమీటర్లు.

కావున మా అభిప్రాయ మిది: ఇంటివద్ద చార్జింగునకు వసతి యుండి, ప్రతిదినము దూరము తిరుగు కుటుంబమునకు ఈ వెల తగినదే. వారమున కొకమారు గుడికో, చుట్టములయింటికో పోవువారికి మాత్రము పొదుపు పేరిట దీనిని కొనుట తగదు. పొగయు చప్పుడును లేని సుఖమునకై కొనదలచినచో అది వేరు విషయము. ఆ సుఖమునకు వెల కట్టవలసినవారు కొనువారే.