వాయిదా బస్సు

మా అవ్వ ట్రంకుపెట్టెలో ఉన్న పట్టుచీర ఒక్కటే. దాని కింద ఎర్రగుడ్డలో కట్టిన కోర్టు కాగితాల మూట మాత్రం ఏటేటా లావెక్కుతూ వచ్చింది. పొలం గట్టు తగాదా అది. తనకల్లులో తెల్లారేసరికే బస్సెక్కి పట్నం కోర్టుకు పోయేది. దీపాలు పెట్టే వేళకు దుమ్ము కొట్టుకుని ఇల్లు చేరేది. "ఏమైందవ్వా?" అంటే, "ఏమైతాది? మల్లా వాయిదా ఏసినారు" అనేది.

ఒకరోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. "లాయర్లు కోర్టు లోపలికి పోలేదంట మ్మే. హైకోర్టు మన సీమకు రావల్లని చెట్టు కింద కూచున్నారు. వస్తే మంచిదే. మరి నా బస్సు చార్జీ ఎవరిస్తారు?" అంది.

ఆ రోజు నవ్వేశాను. కానీ లాయర్ల సంఘాల చరిత్ర చదివినప్పుడల్లా అవ్వ ప్రశ్నే గుర్తుకొస్తుంది.

ఈ సంఘాలు నిన్నమొన్నటివి కావు. మన జిల్లాల వ్యాజ్యాలన్నీ మద్రాసు హైకోర్టుకు పోయే రోజుల్లో, 1889లో, అక్కడి వకీళ్ళు సంఘంగా ఏర్పడ్డారు. అప్పట్లో లండన్‌లో చదివొచ్చిన బారిస్టరుకు ఒక మర్యాద, ఇక్కడే చదువుకున్న వకీలుకు ఇంకో మర్యాద. ఒకే పంక్తిలో రెండు రకాల విస్తళ్ళన్నమాట! ఆ తేడా పోవడానికి 1926 నాటి బార్ కౌన్సిళ్ళ చట్టం దారి తీసింది. 1961లో వచ్చిన అడ్వకేట్ల చట్టంతో అందరికీ ఒకే పేరు, ఒకే హోదా దక్కాయి.

వకీళ్ళ మధ్య ఎచ్చుతగ్గులు పోయాయి సరే, కోర్టు దూరం సంగతేమిటి? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. వారిలో కడప కోటిరెడ్డిగారు బారిస్టరు, కొండా వెంకటప్పయ్యగారు వకీలు. మన హిందూపురం వైపు నుంచి కల్లూరు సుబ్బారావుగారు ఉన్నారు. రాజధాని ఒకచోట, హైకోర్టు మరొకచోట ఉండాలి. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది అన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది. 1954లో గుంటూరుకు హైకోర్టు వెళ్ళింది. 1956లో రెండూ హైదరాబాదు చేరాయి. సీమకు మిగిలింది ఒడంబడిక కాగితం. అచ్చం మా అవ్వ మూటలాగే!

2019 జనవరి 1న హైకోర్టు అమరావతికి వచ్చింది. ఆ ఏడాదే కర్నూలు లాయర్లు కోర్టులు బహిష్కరించి దీక్షలకు కూర్చున్నారు. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అంటూ చట్టం చేశారు, 2021లో వెనక్కు తీసుకున్నారు. 2024లో కర్నూలులో హైకోర్టు బెంచి ఉండాలని శాసనసభ తీర్మానించింది. ఇన్నేళ్ళూ ఆ కోరికను చల్లారనివ్వకుండా నిలిపింది లాయర్ల సంఘాలే. ఆ మేలు మరిచిపోతే కళ్ళు పోతాయి.

కానీ బహిష్కరణ రోజున నష్టపోయేదెవరు? జడ్జిగారి జీతం ఆగదు. లాయరుగారికి ఇంకో రోజుంటుంది. కూలి పోగొట్టుకుని, చంటిబిడ్డను పక్కింట్లో వదిలి వచ్చిన ఆడమనిషి ఉత్త చేతులతో బస్సెక్కుతుంది. లాయర్లకు సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అడగవద్దని కాదు, కక్షిదారు వాయిదాను బలిపెట్టి అడగవద్దని నా మనవి.

మొన్న ఊరికి వెళ్తే, మా అవ్వ ఎక్కిన రోడ్డు మీదే బస్సు కోసం నిలబడి ఉంది పక్కింటి అమ్మాయి. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో కాగితాలు. మనోవర్తి కేసట. "లాయరుకు ఇయ్యను దుడ్డు లేదక్కా" అంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా లాయరును ఇవ్వాలని చెప్పాను. కోర్టు దగ్గరే న్యాయ సేవాధికార సంస్థను అడగమన్నాను.

"లాయరమ్మనే ఇమ్మని అడగొచ్చునా?"

"అడిగి చూడు" అన్నాను. ఆడవాళ్ళు నల్లకోటు వేసుకోవడానికి చట్టం ఒప్పుకున్నది 1923లో. అంతకు ముందు ఆ మాట అడగడానికే వీల్లేదు మరి.

బస్సొచ్చింది. "ఈరోజు కోర్టు ఉంటాదా అక్కా?" అని కిటికీలోంచి అడిగింది.

ఉండాలనే కోరుకుంటూ చెయ్యూపాను.