కోనీ ఐలాండ్

కోనీ ఐలాండ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ దక్షిణపు కొనన, అట్లాంటిక్ మహాసముద్ర తీరాన ఉన్న వినోద ప్రదేశము. పేరులో ద్వీపమని ఉన్నప్పటికీ, మధ్యనున్న పాయలో కొంత భాగమును పూడ్చివేయుట వలన ఇది ద్వీపకల్పముగా మారినది. 20వ శతాబ్దపు ఆరంభంలో ఇక్కడి మూడు వినోద ఉద్యానవనాలు విశేష ప్రసిద్ధి పొందినవి. ఆ మూడింటిలో ఒక్కటి కూడా నేడు మిగలలేదు.

ఎదుగుదల

రైలు మార్గాలు ఏర్పడిన పిమ్మట 19వ శతాబ్దపు చివరి భాగంలో ఇక్కడ హోటళ్ళు వెలసినవి. 1884లో లామార్కస్ థాంప్సన్ ఐదు సెంట్ల రుసుముతో నడిపిన స్విచ్‌బ్యాక్ రైల్వే తొలి రోలర్ కోస్టర్లలో ఒకటి. 1897లో జార్జ్ టిల్యూ స్టీపుల్‌చేజ్ పార్కును, 1903లో ఫ్రెడరిక్ థాంప్సన్, ఎల్మర్ డండీ కలసి లూనా పార్కును ప్రారంభించారు. 1904లో డ్రీమ్‌ల్యాండ్ ఏర్పడినది. ఇళ్ళలో విద్యుత్తు ఇంకా అరుదుగా ఉన్న ఆ రోజులలో, ఈ పార్కులు లక్షల దీపాలతో వెలిగేవి.

లూనా పార్కులో మార్టిన్ కూనీ నెలలు నిండక పుట్టిన శిశువులను ఇంక్యుబేటర్లలో ఉంచి ప్రదర్శించేవారు. ఆసుపత్రులలో అటువంటి వసతి అంతగా లేని కాలమది. సందర్శకుల టిక్కెట్ల సొమ్ముతోనే ఖర్చులు భరించి, తల్లిదండ్రుల వద్ద రుసుము తీసుకొనక, అనేక శిశువుల ప్రాణాలు కాపాడారు.

1920లో భూగర్భ రైలు మార్గము ఇక్కడికి చేరుటతో ఐదు సెంట్ల టిక్కెట్టుతో కార్మిక కుటుంబాలు సైతం రాసాగినవి. అదే ఏడు వండర్ వీల్ అను పెద్ద రంగులరాట్నము, 1923లో తీరం వెంట చెక్క నడకదారి, 1927లో సైక్లోన్ రోలర్ కోస్టర్ ప్రారంభమయినవి.

క్షీణత

కట్టడాలలో అధిక భాగము కలపతో నిర్మించినవగుటచే అగ్నిప్రమాదాలు తరచుగా జరిగేవి. 1907లో స్టీపుల్‌చేజ్ కాలిపోగా, టిల్యూ శిథిలాలను చూపుటకు సైతం పది సెంట్లు వసూలు చేసి, పార్కును తిరిగి నిర్మించారు. 1911 మే 27న దగ్ధమైన డ్రీమ్‌ల్యాండ్‌ను మరల కట్టలేదు. లూనా పార్కు 1944 నాటి అగ్నిప్రమాదముతో అంతరించినది.

కార్ల వాడకం పెరిగి, జనులు 1929లో ప్రారంభమైన జోన్స్ బీచ్ వంటి తీరాలకు మరలుట మరొక కారణము. 1964లో స్టీపుల్‌చేజ్ మూతపడినది. మరుసటి ఏడు దానిని కొన్న ఫ్రెడ్ ట్రంప్ 1966లో కూల్చివేయించారు. అయితే తలపెట్టిన నివాస భవనాలకు అనుమతి లభించక స్థలము చాలాకాలము ఖాళీగా ఉండిపోయినది. 2001లో అక్కడ బేస్‌బాల్ మైదానము వెలసినది.

నేటి స్థితి

1988-89లో సైక్లోన్, వండర్ వీల్‌లను నగరము రక్షిత కట్టడాలుగా ప్రకటించినది. 1962లో ఏర్పడిన ఆస్ట్రోల్యాండ్ 2008లో మూతపడగా, 2010లో ఆ స్థలమున లూనా పార్కు అను పాత పేరుతోనే కొత్త పార్కు ప్రారంభమైనది. 2012 అక్టోబరులో శాండీ తుఫాను ఈ ప్రాంతమును ముంచెత్తినప్పటికీ, మరుసటి ఏడు వినోద కేంద్రాలు తిరిగి తెరచుకొన్నవి.