ముల్లు చెప్పు మాట: మోటారుకారు గేజీల కథ

పాత మోటారుకార్లను శ్రద్ధతో కాపాడుకొనువారు నేడు అనేక దేశములలో కలరు. వారిలో చాలమంది చోదకుని ముందున్న పలకలో ఒకటి రెండు గేజీలను క్రొత్తగా అమర్చుకొనుచుందురు. బండిని తయారుచేసినవారు ఇవ్వని పరికరమును యజమాని వేరుగా కొనితెచ్చి బిగించుకొనుట ఎందుకు? ఇది కేవలము అలంకారమా, లేక దీనికి వేరొక కారణము కలదా? సమాధానము మోటారుబండి చరిత్రలోనే ఉన్నది.

ఆ పలకకు డ్యాష్‌బోర్డు అను పేరు గుఱ్ఱపుబండ్ల కాలమునాటిది. గుఱ్ఱపు డెక్కలు చిమ్మెడి బురద బండిలోనివారిపై పడకుండ ముందు నిలిపిన అడ్డుపలకయే అది. గుఱ్ఱము పోయి ఇంజను వచ్చినను పేరు మాత్రము నిలిచిపోయినది. గుఱ్ఱము అలసినచో రొప్పును, చెమర్చును, నడక మందగించును. తోలువాడు ఆ గుర్తులను కన్నులార చూచి పగ్గము సడలించును. ఇంజను అట్లు కాదు. అది మూత క్రింద కనబడకుండ పనిచేయును. దాని దాహమును, తాపమును తెలిసికొనుటకు ఒక సాధనము అవసరమైనది.

ఆ సాధనములలో కొన్ని మోటారుకారు కంటె వయస్సున పెద్దవి. 1849లో పారిస్ నగరమున యూజీన్ బూర్దాన్ అను యంత్రశిల్పి ఒక ఒత్తిడి గేజికి పేటెంటు పొందెను. అందులో వంపుగానున్న ఒక లోహపు గొట్టము ఉండును. లోపలి ఒత్తిడి పెరిగినకొలది ఆ వంపు కొంచెము విడివడును. ఆ స్వల్పమైన కదలికయే ముల్లును త్రిప్పును. ఆవిరి యంత్రములకు ఉపకరించిన ఈ సూత్రమే తరువాత కార్లలో ఇంజను నూనె ఒత్తిడిని చూపుటకు వచ్చినది. 1902లో ఆటో షుల్జ్ అను జర్మను శిల్పి, తిరుగు అయస్కాంతము ఒక లోహపు గిన్నెను తనతో లాగుకొనిపోవు గుణమును ఆధారముగా చేసికొని వేగమాపకమును రూపొందించెను.

అయినను తొలినాటి కార్లలో గేజీలు అరుదు. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి బండిలో పెట్రోలు ఎంత ఉన్నదో తెలియవలెనన్నచో, ముందరి సీటు ఎత్తి, దాని క్రిందనున్న ట్యాంకులో ఒక పుల్లను ముంచి చూడవలసినదే. 1910 దశకమున అమెరికాలో బాయిస్ మోటోమీటరు అను ఉష్ణమాపకము ప్రచారమునకు వచ్చెను. దానిని యజమానులు రేడియేటరు మూతపై బిగించుకొనెడివారు. చోదకుడు తన సీటులోనుండియే చూచి, నీరు మరిగిపోకముందే బండిని ఆపగలిగెను. ఫ్యాక్టరీ ఇవ్వని గేజిని బండివాడు తానే కొనుక్కొనుట క్రొత్త వేడుక కాదని దీనివలన తెలియుచున్నది.

1912లో క్యాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరు వచ్చినది. 1919లో అది ఫోర్డు మోడల్ టి బండ్లకును అందినది. స్టార్టరుతోపాటు బండిలో బ్యాటరీయు, డైనమోయు స్థిరపడినవి. అప్పుడొక జమాఖర్చు ప్రారంభమైనది. డైనమో ఆర్జించును, దీపములు, ఇగ్నిషను వ్యయము చేయును, మిగిలినది బ్యాటరీలో నిలువయగును. ఈ లెక్క చూపు గుమాస్తాయే అమ్మీటరు. ముల్లు ఒకవైపునకు వాలినచో నిలువ పెరుగుచున్నది, రెండవవైపునకు వాలినచో తరుగుచున్నది.

ఇంతలో పొదుపు అను మరియొక శక్తి ప్రవేశించినది. 1930 దశకమున అమెరికాలోని హడ్సన్ సంస్థ నూనె ఒత్తిడికిని, డైనమోకును గేజీలకు బదులు ఎఱ్ఱ దీపములను పెట్టెను. క్రమముగా ఇతరులును ఆ దారినే పట్టిరి. దీపము చవుక, దానిని చదువుటకు నేర్పు అక్కరలేదు. ఇది ఒక సుగుణమే. కాని దీపమునకు తెలిసిన మాటలు రెండే: ఉన్నది, లేదు. సాధారణముగా నూనె దీపము, ఒత్తిడి చదరపు అంగుళమునకు కొద్ది పౌనులకు పడిపోయిన తరువాతగాని వెలుగదు. ఆరోగ్యముగా పరుగెత్తు ఇంజనులో అది యాభై పౌనుల దరిదాపులనుండవచ్చును. ఆ యాభై నలుబదియై, ముప్పదియై, ఇరువదియై దిగజారుచున్నంతసేపును దీపము మౌనము వహించును. అది వెలిగినప్పటికి బేరింగులకు హాని మొదలై ఉండవచ్చును. అమెరికా చోదకులు వీనికి మూఢుల దీపములని ఎగతాళి పేరు పెట్టిరి.

తయారీదారులకును ఈ భేదము తెలియకపోలేదు. 1959లో బ్రిటనులో వెలువడిన మినీ కారులో నడుమ ఒకే గుండ్రని మీటరు ఉండెను. అందులో వేగము, పెట్రోలు తప్ప తక్కినవానికి దీపములే. 1961లో అదే కారునకు ఎక్కువ బలము కూర్చి మినీ కూపర్ అను పేర విడుదల చేసినప్పుడు, నూనె ఒత్తిడికిని, నీటి వేడికిని విడిగా గేజీలు అమర్చిరి. ఇంజను ఎక్కువ శ్రమపడునప్పుడు ముల్లు కావలసివచ్చినదన్నమాట. ఇంగ్లండులో స్మిత్స్, అమెరికాలో స్టూవర్ట్ వార్నర్ వంటి పేర్లతో విడి గేజీల వ్యాపారము వర్ధిల్లుటకు మూలమిదియే.

అయితే గేజి కొనుట సులభము, తీగ కలుపుట బాధ్యతతో కూడిన పని. 1960 దశకమున చాలకాలము వరకు అనేకములైన బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధన ధ్రువమునే బండి లోహమునకు కలిపెడివారు. 1962లో వచ్చిన ఎమ్.జి.బి. కారు ఇట్టిదే, 1967లో గాని అది ఋణ ధ్రువమునకు మారలేదు. ఇది గమనింపక క్రొత్త గేజిని కలిపినచో ముల్లు వెనుకకు తిరుగును. ఎలక్ట్రానిక్ పరికరమైనచో పాడైపోవును.

అమ్మీటరు విషయమున మరింత జాగరూకత కావలెను. స్టార్టరు త్రాగు విద్యుత్తు తప్ప బండిలోని ప్రవాహమంతయు దాని గుండా పోవలెను. కనుక దాని తీగ లావుగా ఉండవలెను. ఆ కాలపు కార్లలో బ్యాటరీనుండి వచ్చు ఆ ముఖ్యమైన తీగకు సాధారణముగా ఫ్యూజు ఉండదు. ఇంజనునకును కూర్చుండు చోటునకును నడుమనున్న రేకుగోడ రంధ్రమున రబ్బరు వలయము లేకుండ దానిని దూర్చినచో, రేకు అంచు తీగ తొడుగును కోయును. ఆ పిమ్మట బండి తగులబడుటకు ఒక క్షణము చాలును. పాత డైనమో ఇరువది రెండు ఆంపియర్లు ఇచ్చిన చోట అంతకు రెట్టింపు ఇచ్చు ఆల్టర్నేటరును అమర్చినచో, ముప్పది ఆంపియర్ల అమ్మీటరు దానికి తాళలేదు.

అందుచేత నేడు పలువురు వోల్టుమీటరును ఎన్నుకొనుచున్నారు. దానికి సన్నని తీగ చాలును. ఇగ్నిషను తాళముతో పనిచేయు, ఫ్యూజు గల తీగనుండి దానిని కలుపవచ్చును. ఇంజను ఆగియున్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపులను, ఇంజను నడచునప్పుడు 14 వోల్టుల దరిదాపులను చూపవలెను. నడచుచున్నను 12 దగ్గరనే నిలిచినచో బ్యాటరీకి ఆదాయము లేదని గ్రహింపవలెను. ఇక 1960 దశకపు అనేక బ్రిటిష్ కార్లలో పెట్రోలు గేజికి, వేడి గేజికి సగటున 10 వోల్టులే అందించు స్థిరీకరణ సాధనము ఉండెడిది. అట్టి గేజికి నేరుగా బ్యాటరీ తీగ కలిపినచో అది లేని పెట్రోలును ఉన్నట్లు చూపును. అబద్ధమాడు గేజికన్న గేజి లేకపోవుటయే మేలు.

మన దేశమున బ్రిటిష్ మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై 1957లో ప్రారంభమైన అంబాసిడరు కారు 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది. ఇప్పుడు అట్టి బండ్లను కాపాడుకొనువారు తీగను ముట్టుకొనుటకు ముందు బ్యాటరీ ఏ ధ్రువము లోహమునకు కలిసియున్నదో చూచి, దాని కనెక్షను విప్పి, పని ప్రారంభించుట యుక్తము. బండి బయట తళతళలాడుట చూపరులకు ఆనందము. కాని బండి బ్రదికియుండుట లోపలి నూనె, నీరు, విద్యుత్తుల ఆరోగ్యముపై ఆధారపడియున్నది. దీపము కీడు జరిగిన తరువాత కేక వేయును. ముల్లు కీడు నడచి వచ్చుచుండగనే చెప్పును. వినుటకు మనము సిద్ధముగా ఉన్నచో, పాత ఇంజను ఇంకను చాలకాలము నడచును.